గడుసు చెవి విన్న ‘తుప్పు’

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. అది నిజం కాదు. ముక్కు మీద కుదురుగా కూర్చునేంత ఓపిక నా కోపానికి లేదు.

ఆ ఆదివారం పొద్దున మాత్రం నేను నిజంగానే సంతోషంగా ఉన్నాను. మా బావ ఫోన్ చూస్తూ ‘‘ఒరేయ్, మన ఆల్బం మీద ఎవరో రాశారు’’ అన్నాడు. రెండేళ్లు గొడ్డుచాకిరీ చేసి తెచ్చిన ఆల్బం అది. పేరు ‘తుప్పు’. ఎనిమిది పాటలు, అచ్చమైన హెవీ మెటల్. బ్యాండులో ఉన్నది ముగ్గురం. బావ గిటార్. అక్క బేస్ గిటార్ వాయిస్తూ పాడుతుంది. పాడుతుందంటే, గర్జిస్తుంది. వారంలో ఆరు రోజులు ఒకటో క్లాసు పిల్లల చేత అక్షరాలు దిద్దించే టీచరు, ఏడో రోజు మైకు పట్టుకుంటే మా ప్రాక్టీసు గది కింద షాపువాడు షట్టర్ దించేసి ఇంటికెళ్లిపోతాడు. డ్రమ్స్ నేను. రికార్డు చేసినవన్నీ కలిపి, ఏది ఎంత వినపడాలో సరిచేసే మిక్సింగ్ కూడా నేనే చేశాను. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.

రాసింది ఒక చిన్న మ్యూజిక్ వెబ్‌సైట్‌లో. ‘మొదటి వినికిడి’ అని శీర్షిక. రాసినవాళ్ల పేరు ‘గడుసు చెవి’. ఏ ఆల్బమైనా ఒక్కసారే, మధ్యలో ఆపకుండా విని, అనిపించింది అనిపించినట్టు రాసెయ్యడం వాళ్ల పద్ధతట.

‘‘గట్టిగా చదువు బావా’’ అన్నాను, డ్రమ్ముల వెనక కాళ్లు చాపుకుని.

బావ చదివాడు.

‘‘హెవీ మెటల్ నేనెప్పుడూ వినలేదు. ముందే చెప్తున్నాను, తర్వాత తిట్టుకోకండి.

మొదటి పాట: తలుపు తట్టకుండా లోపలికొచ్చి కుర్చీలు విరగ్గొట్టారు. ఎందుకు బాబూ అని అడిగేలోపు పాట అయిపోయింది.

రెండో పాట: పాడేది మగాడనుకున్నాను. కాదు, ఆడమనిషి. ఊపిరి తీసుకునే చోట దొరికిపోయింది. తల్లీ, నీ గొంతుకో దండం.

మూడు, నాలుగు: రెండూ ఒకటే పాటనుకున్నాను. గిటారతనికి చేతులు ఖాళీగా ఉంటే తోచదనుకుంటా.

ఐదో పాట: నాకు కోపం వచ్చింది. పాట మీద కాదు. ఎన్నో ఏళ్లుగా మడత పెట్టి దాచుకున్న కోపం, నన్ను అడక్కుండా బయటికొచ్చేసింది. లేచి నిలబడి విన్నాను. ఈ సంగీతం ఎందుకు పుట్టిందో అప్పుడు కాస్త తెలిసింది.’’

‘‘అబ్బ!’’ అంది అక్క. నేను లేని మీసం మెలేశాను. ఐదో పాట కట్టింది నేనే.

‘‘ఉండరా, ఇంకా ఉంది’’ అన్నాడు బావ. ఆ తర్వాత అతని గొంతు ఎందుకో తగ్గింది.

‘‘ఇక డ్రమ్స్ సంగతి. ఆ సింబల్స్ అనే ఇత్తడి పళ్లేలు ఉన్నాయే, ఎనిమిది పాటల్లోనూ గాజు గ్లాసుల బుట్టని మెట్ల మీంచి దొర్లించినట్టే ఉంది. నా పళ్లు జివ్వుమన్నాయి. దానికితోడు మొదటి పాట నుంచి చివరిదాకా ఎవరో ఎలుక తోక తొక్కుతూనే ఉన్నారు. కీచ్, కీచ్, కీచ్. ఆ ఎలుక గోడు ఎవరికీ ఎందుకు పట్టలేదో నాకర్థం కాలేదు.

చివరిగా ఒక మాట. డ్రమ్స్, మిక్సింగ్ ఒకరే చేశారని రాసుంది. అతను వెంటనే చెవులు పరీక్ష చేయించుకోవాలి. ఇది వెటకారం కాదు. మా క్లినిక్‌కి రమ్మనండి, నేనే చేస్తాను.’’

కింద అడ్రసు కూడా ఉంది.

‘‘ఎలుకా!’’ అన్నాను. ‘‘నా డ్రమ్స్‌లో ఎలుకా? చెవులు పరీక్ష చేయించుకోవాలా నేను? వాడెవడో గానీ బావా, వాడికి రేపుంది!’’

అక్కా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా కోపంలో నేనుండి ఆ చూపుని పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో మెషీన్ ఆపేసి బయల్దేరాను. నేను గ్రానైట్ రాళ్లు కోస్తాను. ఒంటినిండా తెల్లదుమ్ము, జుట్టునిండా తెల్లదుమ్ము, అలాగే క్లినిక్‌లో అడుగుపెట్టి గుమ్మంలోంచే అరిచాను.

‘‘ఇక్కడ గడుసు చెవి ఎవరు?’’

ఏడుగురు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తల తిప్పలేదు. ఒక పెద్దాయన మాత్రం నన్ను చూసి నవ్వి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

‘‘మిమ్మల్నేనండీ! వినపడటం లేదా?’’

‘‘లేదు. అందుకే వచ్చారు వాళ్లు’’ అంది వెనక నుంచి ఒక గొంతు.

గిర్రున తిరిగాను. తెల్లకోటు, మోచేతుల దాకా మడిచిన చేతులు, పై జేబులో బుల్లి స్క్రూడ్రైవరు. నన్ను చూసి ఆ అమ్మాయి భయపడలేదు. అది నాకు నచ్చలేదు. కళ్లు చాలా పెద్దవి. అదీ నచ్చలేదు, ఎందుకంటే దారిపొడుగునా కూడబెట్టుకున్న తిట్లలో సగం అక్కడే మర్చిపోయాను.

‘‘గడుసు చెవి నేనే. మీరు?’’

‘‘ఎలుక తోక తొక్కినవాణ్ణి.’’

ఆమె నవ్వలేదు. ‘‘వచ్చారా! రారనుకున్నాను. రండి, ఖాళీగానే ఉంది.’’

‘‘పరీక్షకి రాలేదు నేను. మీరు రాసింది తీయించడానికి వచ్చాను. అసలు మెటల్ అంటే ఏంటో తెలుసా మీకు? రెండేళ్ల పనిని ఒక్కసారి విని ఎలా...’’

‘‘ఒక్కసారి వింటేనే ఇన్ని దొరికాయి. రెండోసారి వింటే మీరు తట్టుకోలేరు.’’

‘‘చూడు డాక్టరమ్మా...’’

‘‘డాక్టర్ని కాదు, ఆడియాలజిస్టుని. పరీక్షలో మీ చెవులు బాగున్నాయని తేలితే రాసిందంతా తీసేస్తాను. తప్పయిపోయిందని నా సొంత పేరుతో రాస్తాను. సరేనా? లేక భయమా?’’

భయమా అన్నాక ఎవడు వెనక్కి తగ్గుతాడు? బీరువా అంత గదిలోకి వెళ్లి కూర్చున్నాను. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో ఒక బటన్. చిన్న కూతలు వస్తాయి, వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల ఆమె, ముందు మెషీన్.

మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆమె వేలు మాత్రం కదులుతోంది. వేలు కదిలినప్పుడల్లా నొక్కడం మొదలుపెట్టాను.

‘‘ఇప్పుడేం వినపడింది?’’ అంది మైకులో.

‘‘కూత.’’

‘‘నేనేం పంపలేదు. ఊరికే వేలు కదిపాను.’’

బటన్ మీంచి వేలు తీసేశాను.

‘‘కుర్చీ గోడవైపు తిప్పుకోండి’’ అంది. ఈసారి గొంతులో నాకంటే ఎక్కువ కోపం ఉంది.

గోడని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. ‘‘మొదలుపెట్టారా?’’ అన్నాను.

‘‘రెండు నిమిషాలైంది.’’

బయటికొచ్చాక కాగితం నా ముందు పెట్టింది. దాని మీద ఒక గీత తిన్నగా వెళ్లి వెళ్లి ఒకచోట గోతిలో పడింది. రెండు చెవులకీ అదే గొయ్యి.

‘‘నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుగా సన్నగా ఉండే చప్పుళ్ల దగ్గర. పెద్ద చప్పుళ్ల మధ్య బతికేవాళ్లకి ముందు పోయేది ఇక్కడే. పగలేం చేస్తారు?’’

‘‘రాళ్లు కోస్తాను.’’

‘‘సాయంత్రం?’’

‘‘డ్రమ్స్.’’

‘‘మధ్యలో చెవులకి సెలవేమైనా ఇస్తారా?’’

ఆ గొయ్యి మీద వేలు పెట్టి ‘‘ఇక్కడ ఏముండేది?’’ అన్నాను.

‘‘సింబల్స్ జిలుగు. అది మీకు సరిపోకే మిక్సింగులో అంత పెంచేశారు. పిల్లల మాటల్లో కొన్ని అక్షరాలు. సన్నటి వాన.’’

‘‘సన్నటి వానకి చప్పుడేంటి? అది చప్పుడు లేకుండానే కదా పడేది.’’

ఆమె నావైపు చూసింది. అంతవరకూ ఉన్న కోపం ఒక్క క్షణం ఆ పెద్ద కళ్లలోంచి పోయింది. ఆ చూపు చూసే నాకు విషయం అర్థమైంది.

‘‘పోయింది ఇక రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు. ఇలాగే ఇంకో ఐదేళ్లు చేస్తే డ్రమ్స్ కాదు, మనుషుల మాట కూడా...’’

‘‘మీ మెషీన్ పాడైంది!’’ అని అరిచి లేచాను. వెళ్తూ వెళ్తూ తలుపుని బలంకొద్దీ విసిరాను. ఆ తలుపుకి ఏం బిగించారో ఏమో, చప్పుడు చెయ్యకుండా మెల్లగా మూసుకుంది. దాని మీద కూడా కోపం వచ్చింది.

సాయంత్రం ప్రాక్టీసు గదిలో డ్రమ్ముల ముందు కూర్చుని పెద్ద డ్రమ్ముని కొట్టే కాలి కింద పెడల్‌ని నొక్కాను. మళ్లీ నొక్కాను. చెవి దగ్గరగా వంచి, చేత్తో నొక్కాను. నాకేమీ వినపడలేదు.

‘‘అక్కా, ఇది కీచుమంటోందా?’’

బావ అప్పటికే శ్రుతి చేసి ఉన్న తీగని మళ్లీ శ్రుతి చెయ్యడం మొదలుపెట్టాడు.

‘‘అంటోంది’’ అంది అక్క.

‘‘ఎప్పట్నుంచి?’’

‘‘ఏడాదిన్నర నుంచి.’’

‘‘ఏడాదిన్నరా! మరి నోరెత్తి చెప్పలేదేం? నా పరువు తీద్దామనా? ఇద్దరూ కలిసి...’’

‘‘ఇదిగో, ఇందుకే!’’ అక్క మైకు లేకుండానే గర్జించింది. ‘‘ఇలా మీద పడతావనే! సింబల్స్ కాస్త ఎక్కువయ్యాయిరా అని మీ బావ ఒక్కసారన్నాడు. కర్రలు గోడకేసి కొట్టి, వారం రోజులు మొహం చూపించకుండా పోయావు. గుర్తుందా? ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆల్బం పాడైతే పాడైంది, తమ్ముడు ఇంటికి వస్తే చాలనుకున్నాను.’’

‘‘నేనైతే అది నీ స్టైలేమో అనుకున్నాలేరా’’ అన్నాడు బావ.

‘‘అబద్ధాలాడకు బావా.’’

‘‘సరే. భయపడ్డాను.’’

బావ నాకంటే జానెడు పొడుగు. నన్ను చిన్నప్పుడు భుజాల మీద మోశాడు. ఆ మనిషి నాకు భయపడ్డానని నేల చూపులు చూస్తున్నాడు. నాకు కోపం రాజుకుంది. ఎవరి మీద పడదామా అని చుట్టూ చూస్తే, నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఏడాదిన్నర కిందట ఎవరైనా చెప్పి ఉంటే చెవుల్లో ఇంకాస్త మిగిలేది. చెప్పనివ్వనిది నేనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

బుధవారం మళ్లీ క్లినిక్‌కి వెళ్లాను. స్నానం చేసి, తల దువ్వుకుని వెళ్లాను.

‘‘మీ మెషీన్ పాడవ్వలేదు’’ అన్నాను.

‘‘తెలుసు. కూర్చోండి. చెవులకి అచ్చు తీస్తాను. సరిగ్గా మీ చెవికి సరిపడే ప్లగ్గులు చేయిస్తే చప్పుడు తగ్గుతుంది, పాట చెడదు. ఐదు నిమిషాలు నోరు కదపకూడదు. మీకది కష్టమే.’’

గులాబీరంగు పిండిలాంటిది రెండు చెవుల్లోనూ నింపింది. లోకం మొత్తం మూతపడింది. నోరు కదపకుండా కూర్చుని ఆమెనే చూశాను. నా ఎదురుగా నిలబడి ఏదో అంటోంది. చెయ్యి ఊపుతోంది. మొహం ఎర్రబడింది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది.

అచ్చులు తీశాక అడిగాను. ‘‘ఏమన్నారు?’’

‘‘తిట్టాను. మీకు వినపడకుండా, తీరిగ్గా.’’

‘‘ఇప్పుడు వినపడేలా తిట్టండి. మాట్లాడను.’’

కాసేపు ఆ అచ్చుల్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

‘‘మా నాన్న పాతికేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశారు. చెవుల్లో ఏమైనా పెట్టుకో నాన్నా అంటే, మగాడికి ఇవన్నీ ఎందుకే అనేవారు. ఇప్పుడు మా ఇంట్లో ‘తిన్నావా నాన్నా’ అని అడగాలన్నా అరవాలి. ప్రేమగా అడిగినా పక్కింటివాళ్లకి పోట్లాటలాగే వినపడుతుంది. ఆయనకి నా గొంతు వినపడదు. అరిచేటప్పుడు నా మొహం మాత్రం కనపడుతుంది. ‘ఎందుకమ్మా నామీద ఎప్పుడూ కోపంగా ఉంటావు’ అంటారు.’’

నేను మాట్లాడనన్నాను కాబట్టి మాట్లాడలేదు.

‘‘మీ ఐదో పాట వింటుంటే వచ్చిన కోపం ఆయన మీదే. చేతులారా పారేసుకున్నందుకు. ఇప్పుడు నీ మీద!’’

‘‘నా మీదెందుకు?’’

‘‘నువ్వూ అంతే కాబట్టి! అంత మంచి పాట కట్టినవాడివి, దాన్ని వినే చెవుల్ని కుక్కలకి పారేస్తున్నావు కాబట్టి!’’

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు. నేను గమనించాను. అన్ని తిట్ల మధ్యా ‘మంచి పాట’ అన్నదీ గమనించాను.

‘‘ఆల్బం మళ్లీ మిక్స్ చేస్తాను’’ అన్నాను. ‘‘ఆ గోతిలో పడ్డవి నాకు వినపడవు. పక్కన కూర్చుని ఎంత తగ్గించాలో నువ్వు చెప్పు.’’

‘‘అరిస్తే లేచొచ్చేస్తాను.’’

‘‘అరవను.’’

‘‘అరుస్తావు.’’

‘‘అరవనన్నానా!’’ అని అరిచాను.

బయట కూర్చున్నవాళ్లలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆమె మాత్రం మొదటిసారి నవ్వింది.

వరసగా మూడు ఆదివారాలు వచ్చింది. ముందు పెడల్‌కి నూనె వేయించి, దాని చప్పుడు పడిన ప్రతి చోటా డ్రమ్స్ మళ్లీ రికార్డు చేయించింది. అంటే ఎనిమిది పాటలూ. షాపులోంచి తెచ్చుకున్న, చప్పుడుని అడ్డుకునే పెద్ద చెవి డిప్పలు తగిలిస్తే గానీ కర్ర పట్టుకోనివ్వలేదు. అక్కని ‘టీచరుగారూ’ అని పిలిచేది, బావతో జోకులేసేది, నాతో మాత్రం ఒక్క మాటే మాట్లాడేది.

‘‘తగ్గించు.’’

‘‘తగ్గించాను.’’

‘‘ఇంకా.’’

‘‘ఇంకానా? ఇంక అక్కడేముంది?’’

‘‘నీకు లేదు. నాకుంది. తగ్గించు.’’

సింబల్స్ తగ్గించే కొద్దీ నా చెవికి పాటలు చప్పబడిపోయేవి. వాళ్ల ముగ్గురి మొహాలూ మాత్రం వికసించేవి. అన్నం వండినవాడికి తప్ప అందరికీ రుచి తెలుస్తున్నట్టుండేది. ఒళ్లు మండేది.

మూడో ఆదివారం, మిగతా ఏడూ అయిపోయాక, ఐదో పాట దగ్గరికి వచ్చాం. ఆమె తగ్గించమంది. తగ్గించాను. మళ్లీ అంది. తగ్గించాను. మళ్లీ అంది.

‘‘ఇంక తగ్గిస్తే నా పాట చచ్చిపోతుంది!’’

‘‘నీకలా వినపడుతోంది.’’

‘‘నాకు తెలీదా? కట్టింది నేను! మొదటిసారి మెటల్ విన్న మొహం నువ్వు, నాకు చెప్తావా?’’

చెయ్యి తెలియకుండానే పక్కనున్న డ్రమ్ము కర్రని పట్టుకుంది. బావ లేచి నిలబడ్డాడు. అక్క కళ్లు మూసుకుంది. ఆమె మాత్రం బెదరలేదు. బ్యాగు భుజాన తగిలించుకుని, నా కళ్లలోకి చూస్తూ కూర్చుంది. కర్ర విసిరితే లేచి వెళ్లిపోతుంది. మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. ఇక నా పాటల్లో ఏం మోగుతోందో జన్మలో నాకెవరూ చెప్పరు. ఇంట్లోవాళ్లు చెప్పడం ఎప్పుడో మానేశారు.

కర్రని ఒళ్లో పెట్టుకున్నాను.

‘‘ఎంత తగ్గించాలో చెప్పు’’ అన్నాను.

‘‘ఇంకో రెండు పాయింట్లు.’’

తగ్గించాను. నాకు తేడా తెలియలేదు. పాట మొదటి నుంచీ పెట్టాను. అక్క గర్జన మొదలవగానే బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘ఏరా, ఇందులో నా గిటార్ ఉందిరా!’’ అన్నాడు. ‘‘రెండేళ్ల తర్వాత ఇప్పుడు వినపడుతోంది!’’

‘‘ముందు విన్నదాంట్లో గోల ఎక్కువ’’ అంది ఆమె, బ్యాగు దించి కింద పెడుతూ. ‘‘ఇప్పుడు కోపం సరిగ్గా వినపడుతోంది.’’

నాకది వినపడలేదు. వాళ్లకి వినపడిందని నమ్మాను. నమ్మడం ఇంత కష్టమైన పనని నాకంతవరకూ తెలియదు.

ఆ రోజే ప్లగ్గులు కూడా తెచ్చింది. నా చెవుల్లో తనే పెట్టింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. అవి పెట్టుకుని ముగ్గురం ఐదో పాట వాయించాం. అన్నీ దూరంగా జరిగి, విడివిడిగా, శుభ్రంగా వినపడ్డాయి. పాట ఆగాక నా చెవుల్లో రోజూ మోగే ఈల కూడా అంతగా లేదు. అక్కా బావా గది అవతలి కొసన వైర్లు చుడుతున్నారు. నా డ్రమ్ముల పక్కనున్న కిటికీ బయట సన్నటి వాన మొదలైంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి తల పక్కకి వంచింది. నాకందని చప్పుడేదో వింటోందని తెలిసింది.

నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. మూడు వారాలుగా చెప్పలేక చస్తున్నందుకు, ఇంక వచ్చే ఆదివారం ఈ మనిషి రానక్కర్లేనందుకు.

‘‘నువ్వంటే నాకిష్టం’’ అన్నాను. ‘‘వచ్చే ఆదివారం కూడా రా. ప్రతి ఆదివారం రా. తిట్టడానికైనా రా.’’

ఆ మాటలు నా తలలో ఉరుముల్లా మోగాయి. అయిపోయింది, వీధి వీధంతా విని ఉంటుంది, అక్కకి తెలిసిపోయింది, బావ ఇక జీవితాంతం ఏడిపిస్తాడు అనుకుని బిగుసుకుపోయాను.

అక్క తల తిప్పలేదు. బావ వైరు చుడుతూనే ఉన్నాడు.

చెవులు మూసుకుంటే ఎవరి గొంతు వాళ్లకే పెద్దగా మోగుతుందట, అందుకని తెలియకుండానే గొంతు తగ్గిస్తారట. ఆ సంగతి తను తర్వాత చెప్పింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, నా జన్మలో మొదటిసారి ఒక మాట మెల్లగా అన్నానని, అది రెండడుగుల దూరంలో ఉన్న ఒక్క మనిషికే వినపడిందని. ఆమె కిటికీ వైపు నుంచి తిరిగింది. మొహం ఎర్రగా ఉంది. ఈసారి అది కోపం కాదు.

మా ఇద్దరి వాలకం చూసి అక్కకి అనుమానం వచ్చింది. ‘‘ఏమ్మా, ఏమంటున్నాడు వీడు? మళ్లీ గొడవేనా?’’

‘‘గొడవేం లేదు వదినా’’ అంది ఆమె.

బావ చేతిలోంచి వైరు జారిపోయింది. అక్క అలాగే ఆగిపోయి, నన్నోసారీ ఆమెనోసారీ చూసింది. నేను సరిగ్గా విన్నానో లేదో అన్న భయంతో గబగబా ఒక ప్లగ్గు పీకేశాను.

‘‘ఏమన్నావు? ఏమని పిలిచావు? ఇంకోసారి అను!’’

అక్క గుండెల నిండా ఊపిరి తీసుకుంటోంది. ఆమె చటుక్కున నా చేతిలోంచి ప్లగ్గు లాక్కుని తిరిగి నా చెవిలో నొక్కింది.

‘‘ముందు ఇది పెట్టుకో. వదిన అరవబోతోంది.’’